కళాశాల పాఠము – పల్లె పొలము



ఈ యేడు పంట తీయుట ఒక విద్య. పదేండ్ల తరువాత కూడ అదే చేలో అంత పంటయు వచ్చునట్లు భూమిని నిలుపుకొనుట మరియొక విద్య. ఈ రెండవ విద్య మన పెద్దలకు తెలియనిది కాదు. పెంట తోలుట, పంట మార్చి వేయుట, ఎండాకాలము గొర్రెల మందను చేలో కట్టించుట – ఇవన్నియు అందులోని పాఠములే. అయితే వారి కాలములో యూరియా సంచి లేదు, పురుగుమందు సీసా లేదు, బోరుబావి లేదు. ఈ మూడును వచ్చిన తరువాత దిగుబడి పెరిగినది. దానితోపాటు భూమిని పాడు చేసికొను అవకాశము కూడ పెరిగినది. ఎడ్లబండి పొరపాటున కాలువలో దిగినచో నలుగురు కలిసి లాగవచ్చును. లారీ దిగినచో అంత సులభము కాదు.

ఇప్పుడు అందరి నోటను "సుస్థిర వ్యవసాయము" అను మాట వినబడుచున్నది. మాట కొత్తదే గాని అర్థము కష్టమైనది కాదు. నేలలో సారము తరుగరాదు. నేల క్రింది నీరు అడుగంటరాదు. పురుగును తిను పురుగు చేలో బ్రతికి యుండవలెను. వీటన్నిటితో పాటు రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగులవలెను. ఈ చివరిది లేనిచో మొదటి మూడును ఎంత చక్కగా చెప్పినను ఎవరును ఆచరింపరు.

వ్యవసాయ విశ్వవిద్యాలయము ఈ విద్యను తన విద్యార్థులకు ఎట్లు నేర్పుచున్నది, ఆ చదువు మీ ఊరికి ఎట్లు చేరుచున్నది, చేరనిచోట మీరు దానిని ఎట్లు రప్పించుకొనవలెను – ఈ వ్యాసములో చెప్పదలచినది ఇంతే.

ఒకే గొడుగు క్రింద మూడు పనులు

పూర్వము మన రాష్ట్రములో వ్యవసాయ కళాశాల వేరు, పరిశోధన క్షేత్రము వేరు, పల్లెకు వచ్చి చెప్పు ఉద్యోగి వేరు. బాపట్ల కళాశాల 1945లో, రాజేంద్రనగర్ కళాశాల 1946లో, తిరుపతి కళాశాల 1961లో పుట్టినవి. మార్టేరు వరి పరిశోధన కేంద్రము వీటన్నిటి కంటె ముందుగా 1925లోనే మొదలైనది. పరిశోధన చేయువాడు పాఠము చెప్పడు, పాఠము చెప్పువాడు చేలోకి దిగడు అను చిక్కు అప్పుడుండెడిది.

అమెరికా దేశములో ఈ చిక్కును మూడు చట్టములతో విడదీసినారు. 1862లో ప్రభుత్వ భూములిచ్చి రైతుబిడ్డలకు కళాశాలలు పెట్టించిరి. 1887లో ఆ కళాశాలలకు పరిశోధన క్షేత్రములు కట్టబెట్టిరి. 1914లో ఆ పరిశోధన ఫలితములను ఊరూర చెప్పు పనిని కూడ కళాశాలకే అప్పగించిరి. మన దేశములో 1948–49లో డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పని చేసిన విశ్వవిద్యాలయ సంఘము, పల్లెలకు పనికివచ్చు విశ్వవిద్యాలయములు కావలెనని చెప్పినది. ఆ దారిలో మొదటిది 1960లో పంత్‌నగర్‌లో వెలసినది. మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964 జూన్ 12న ఏర్పడినది. శ్రీ ఓ. పుల్లారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు. 1965 మార్చి 20న నాటి ప్రధాన మంత్రి శ్రీ లాల్‌బహదూర్ శాస్త్రిగారు దానిని లాంఛనముగా ప్రారంభించిరి. తొలి సంవత్సరములలో కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యులు వచ్చి తోడ్పడినారు. 1996లో ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరు దీనికి పెట్టబడినది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు ఆచార్య జయశంకర్‌గారి పేర మరియొక వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. రంగా విశ్వవిద్యాలయము ఇప్పుడు గుంటూరు దాపున లాం నుండి పని చేయుచున్నది.

చరిత్ర ఇంతటితో చాలును. బోధన, పరిశోధన, విస్తరణ – ఈ మూడును ఒకే చేతిలోనికి వచ్చుట వలన కలిగిన మేలేమిటో ప్రత్తి చేలో జరిగిన కథ చెప్పును.

ప్రత్తి చేలో నేర్చిన పాఠము

గుంటూరు, ప్రకాశము జిల్లాల పెద్దలకు 1980 తరువాతి పది సంవత్సరములు బాగుగా జ్ఞాపకముండును. నల్లరేగడి భూములలో ప్రత్తి తెల్లబంగారమని పేరు పొందిన కాలమది. పైరిత్రాయిడ్లు అను కొత్త జాతి మందులు అప్పుడే అంగళ్లలోకి వచ్చినవి. కొట్టిన మరునాటికి పురుగు రాలి క్రింద పడెడిది. చూచినవారికి ఆనందము కలిగినది. ఒకసారి కొట్టవలసిన చోట రెండుసార్లు, నాలుగుసార్లు, కొందరైతే వారమునకొకసారి కొట్టిరి.

1984–85 నుండి తెల్లదోమ విజృంభించినది. ఆకు అడుగున లెక్కకు మించిన దోమలు చేరి రసము పీల్చినవి. అవి విసర్జించిన తేనె వంటి జిగురు మీద మసిబూజు పట్టి చేలు నల్లబడినవి. మందు ఎక్కువ కొట్టిన చేలలోనే దోమ ఎక్కువగా కనబడుట రైతులకు వింతగా తోచినది. అందులో వింత ఏమియు లేదు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు మొదలగునవి దోమను తిని బ్రతుకును. మందుకు ముందుగా చచ్చినవి అవి. దోమ పిల్లలు ఆకు అడుగున దాగి మందు తగులక మిగిలిపోయినవి. కాపలాదారులు లేని కొట్టాములో ఎలుకలు పెరిగినట్లు అవి పెరిగినవి. ఇక 1987–88 పంటకాలములో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగకుండ పోయినది. మన దేశములో ఆ పురుగు పైరిత్రాయిడ్లను తట్టుకొనుట మొదట బయటపడినది కోస్తా ఆంధ్రలోనే. మందు మీద మందు కలిపి కొట్టిరి, అప్పు మీద అప్పు చేసిరి. కాయ చేతికి రాలేదు. ఆ అప్పులు తీర్చలేక ప్రాణములు తీసికొన్న రైతులు ఉన్నారు. అందువలన ఈ విషయమును పరీక్షకు వ్రాయు పాఠముగా మాత్రమే చూచుటకు వీలులేదు.

విశ్వవిద్యాలయము రెండు విధములుగా ఈ సమస్యను ఎదుర్కొన్నది. లాం క్షేత్రములోని శాస్త్రజ్ఞులు తెల్లదోమను తట్టుకొను కాంచన అను ప్రత్తి రకమును తీసిరి. అది అందరికిని కనబడు పని. అంతగా కనబడని రెండవ పని తరగతి గదిలో జరిగినది. ఏ పురుగుకు ఏ మందు అని జాబితా వల్లించుటతో సరిపెట్టక, "ముందు చేలో నడువుము, పురుగును లెక్కించుము, దానిని తిను పురుగును కూడ లెక్కించుము, నష్టపరిమితి దాటిన పిమ్మటనే మందు పేరు చెప్పుము" అని విద్యార్థికి నేర్పుచున్నారు. చేలో ఐమూలగా నడచి, అక్కడక్కడ మొక్కలు ఎన్నుకొని, ఒక్కొక్క మొక్కకు పైన, నడుమ, క్రింద ఒక్కొక్క ఆకును త్రిప్పి చూచి, దోమలను పుస్తకములో వ్రాయవలెను. దీనినే సమగ్ర సస్యరక్షణ అందురు. మీ చేలో పొలంబడి జరిగిన యెడల ఇదే పని మీచేత చేయించియుందురు. కళాశాలలో విద్యార్థి నేర్చినది, పొలంబడిలో మీరు నేర్చినది ఒకే పాఠము. ఏ పురుగుకు ఎంతవరకు ఓర్చుకొనవచ్చునో విశ్వవిద్యాలయము ప్రతి యేటను వెలువరించు వ్యవసాయ పంచాంగములో అచ్చువేయుచున్నారు. తిథి వార నక్షత్రముల పంచాంగము ప్రక్కన ఇది కూడ గూటిలో ఉండదగినది.

ఆ కథ అంతటితో ముగిసినదని అనుకొనరాదు. 2002లో బి.టి. ప్రత్తి వచ్చినది, పచ్చపురుగు బెడద తగ్గినది. పదునైదేండ్లు గడువక ముందే గులాబీ రంగు పురుగు ఆ ప్రత్తిని కూడ తట్టుకొనుట నేర్చినది. ఒక్క రైతు తన చేను శుభ్రము చేసికొనుట ఇక్కడ చాలదు. పంటను డిసెంబరుకు ముగించి మోడులను పీకివేయుట, జిన్నింగు మిల్లుల చుట్టును లింగాకర్షక బుట్టలు పెట్టుట, బి.టి. కాని ప్రత్తిని కూడ చేను చుట్టును వేయుట – ఇవి ఊరంతయు కలిసి చేసిననే ఫలించును. ఒకరి చేలో ఫిబ్రవరి వరకు నిలిచిన ప్రత్తి, ప్రక్కవారి వచ్చే యేటి పురుగుకు విడిది యిల్లు.

విద్యార్థి మీ ఊరికి వచ్చినపుడు

వ్యవసాయ పట్టభద్రులగు విద్యార్థులు తమ చదువులో కొంతకాలము పల్లెలో ఉండి తీరవలెను. దీనిని గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమము అందురు; విద్యార్థులు క్లుప్తముగా "రావెప్" అని పిలుచుకొందురు. దేశములోని అన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయములును దీనిని నడుపవలెనని 1992లో రంధావా సంఘము సూచించినది. 2015 జూలై 25 నుండి ఇది "స్టూడెంట్ రెడీ" అను విశాల కార్యక్రమములో భాగమైనది. చివరి సంవత్సరములో విద్యార్థి ఊరిలో ఒక రైతు వద్ద చేరి, ఆ రైతు చేసినట్లెల్ల చేయుచు, చూచినదెల్ల వ్రాయుచు, వారముల తరబడి ఉండును.

ఊరికి వచ్చిన మొదటి దినములలోనే విద్యార్థులు రచ్చబండ వద్దనో, బడి ఆవరణలోనో ముగ్గుపిండితో, రంగులతో నేల మీద ఊరి పటము వేయుదురు. చెరువు ఎక్కడ, కాలువ ఎక్కడ, ఏ దిక్కున నల్లరేగడి, ఏ దిక్కున చల్కా, ఏ బోరు ఎండినది, ఏ బోరు పోయుచున్నది అని మిమ్ములనే అడిగి గీయుదురు. ఊరివారు చుట్టును చేరి నవ్వుదురు. "మా దొడ్డి మరచితిరేమి" అని చిన్నపిల్లలు కేకలు వేయుదురు. దీనిని ఆటగా చూడకుడు. ఇరువది సంవత్సరముల క్రిందట ఈ ఊరిలో ఎన్ని బావులలో నీరుండెడిది, ఇప్పుడు ఎన్నింటిలో ఉన్నది అని ఒక్కరు అడిగి, పెద్దలు వేలితో చూపుచుండ ఒక్కొక్క గుర్తు పెట్టినపుడు, నేల క్రింది నీరు ఎట్లు తరలిపోయినదో ఊరంతయు ఒక్కసారి కన్నులార చూచును. ఏ ఉపన్యాసమును ఆ పని చేయజాలదు.

ఈ రాకపోకలలో పాఠము రెండు వైపులను నడచును. చెరువు మట్టి ఏ చేనికి మేలు, ఏ చేనికి కీడు, ఏ గాలి వీచినపుడు మిరపకు ముడుత వచ్చును, ఏ గడ్డి మొలిచిన నేలలో చౌడు దాగియున్నది – ఇవి మీ వద్ద నేర్చికొనవలసినవే. విద్యార్థి మీవద్దకు వచ్చినపుడు ఇంటి స్త్రీలను కూడ మాటలాడనిండు. నాట్లు వేసినది, కలుపు తీసినది, విత్తనము ఏరి దాచినది వారు. దుబ్బులో దోమను మొదట చూచునది కూడ వారే. మగవారిని మాత్రమే అడిగి వ్రాసికొని పోయిన నివేదికలో సగము సేద్యము ఉండదు.

ఇక్కడ ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. కొన్ని ఊళ్లలో ముగ్గుపటము వేసి, ఛాయాచిత్రము తీసికొని, బ్యానరు చుట్టుకొని పోవుట కూడ జరుగుచున్నది. ప్రదర్శన మడిని రోడ్డు ప్రక్కన, నీరు బాగుగా పారు పెద్ద రైతు చేలో పెట్టి, "ఫలితము అద్భుతము" అని వ్రాయుట కూడ ఉన్నది. చివరి తూము క్రింద, వంతు నీటి మీద సేద్యము చేయువానికి ఆ ఫలితము దేనికి పనికివచ్చును? ఈ లోపమును సరిదిద్దుట ఆచార్యుల చేతిలో కొంత, మీ చేతిలో కొంత ఉన్నది. విద్యార్థి వచ్చినపుడు, "మా చివరి మడికి రమ్ము, అక్కడ చేసి చూపుము" అని అడుగుడు. అడిగినచో కాదను విద్యార్థి అరుదు. పట్టాకు ముందు నిజమైన చిక్కు ఒకటి చేతికి చిక్కుట అతనికిని లాభమే.

ఆ విద్యార్థిచేత చేయించుకొనదగిన మొదటి పని – భూసార పరీక్ష

మట్టి తీయుట తేలికగా కనబడును, తప్పులు జరుగునది అక్కడనే. పంట కోసిన తరువాత, తొలకరికి ముందు, చేలో ఎరువు వేయక మునుపు తీయవలెను. గట్టు ప్రక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప ఉండిన చోట తీయరాదు. చేనంతయు ఒకే తీరుగా ఉన్నచో ఎనిమిది, పది చోట్ల ఎన్నుకొని, పై చెత్త తొలగించి, పలుగుతో "వి" ఆకారముగా 15 సెంటీమీటర్ల లోతు గుంట త్రవ్వి, గుంట అంచున పై నుండి క్రింది వరకు ఒకే మందమున పొర తీయవలెను. అన్ని చోట్ల మట్టిని ఒక గుడ్డ మీద కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు తీసివేయవలెను. మిగిలినదానిని మరల కలిపి మరల నాలుగు చేయవలెను. అర కిలో మిగులునంత వరకు ఇట్లు చేసి, నీడన ఆరబెట్టి, శుభ్రమైన సంచిలో వేసి, పేరు, సర్వే నంబరు, వేయబోవు పంట వ్రాసి పంపవలెను. యూరియా వచ్చిన ఖాళీ సంచిలో మట్టి పంపినచో పరీక్షలో తేలునది ఆ సంచి సారమే.

2015 నుండి దేశమంతట భూసార కార్డులు ఇచ్చుచున్నారు. కార్డు చాలమంది ఇండ్లలో ఉన్నది. చదివినవారు తక్కువ. ముందుగా సేంద్రియ కర్బనము అను వరుస చూడుడు. 0.5 శాతము లోపు ఉన్నచో తక్కువ, 0.5 నుండి 0.75 వరకు మధ్యస్థము. ఆ పైన ఎక్కువ. ఇది నేలకు ఊపిరి వంటిది. తక్కువగా ఉన్న నేలలో ఎంత యూరియా చల్లినను పైరు కొంచెము పచ్చబడి మరల వెలవెలబోవుచుండును.

తరువాత నత్రజని, భాస్వరము, పొటాష్ వరుసలు. మన శాస్త్రజ్ఞులు చెప్పు లెక్క సులువైనది: తక్కువ అని తేలినచో సిఫార్సు కంటె నూటికి 30 వంతులు ఎక్కువ వేయవలెను, ఎక్కువ అని తేలినచో 30 వంతులు తగ్గింపవలెను, మధ్యస్థమైనచో సిఫార్సు ప్రకారమే. ఉదాహరణకు ఒక పంటకు ఎకరాకు 40 కిలోల నత్రజని సిఫార్సు అనుకొందము. తక్కువ ఉన్న నేలకు 52 కిలోలు, ఎక్కువ ఉన్న నేలకు 28 కిలోలు కావలెను. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులు. 45 కిలోల సంచిలో సుమారు 20.7 కిలోలు. కనుక మొదటి నేలకు రెండున్నర సంచులు, రెండవ నేలకు సంచి, మూడవవంతు సంచి చాలును. నడుమ తేడా సంచి కంటె ఎక్కువ. పరీక్ష లేకుండ ప్రక్కవాడు చల్లినంత చల్లు రైతు ఈ రెండింటిలో తన నేల ఏదో తెలియకయే చల్లుచున్నాడు. డి.ఎ.పి. వేసినచో 50 కిలోల సంచిలో 9 కిలోల నత్రజని కూడ ఉండునని మరువక ఆ మేరకు యూరియా తగ్గించుకొనుడు.

ఏండ్ల తరబడి ప్రతి పంటకును డి.ఎ.పి. చల్లిన డెల్టా భూములలో చాలచోట్ల భాస్వరము పేరుకొనిపోయినది. అది అక్కడ వ్యర్థముగా పడియుండుటయే కాదు, పైరుకు జింకు అందకుండ అడ్డుపడును కూడ. వరి నాటిన కొన్నాళ్లకు ముదురాకుల మీద తుప్పు మచ్చలు వచ్చి పైరు గిడసబారినచో రైతు మరల ఎరువుల అంగడికే పరుగెత్తును. అక్కడ కావలసినది మరియొక డి.ఎ.పి. సంచి కాదు, దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు. జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. నడుమ మూడు దినములైన ఎడము ఉండవలెను.

సేంద్రియ కర్బనము పెంచుటకు పశువుల ఎరువు దొరకని వారు తొలి వానకు జీలుగ గాని, జనుము గాని, పిల్లిపెసర గాని చల్లి పూతకు ముందు కలియదున్నవలెను. డెల్టాలో మరియొక పాత మేలు ఉన్నది. సార్వా వరి కోతకు రెండు మూడు దినముల ముందు, బురద పదును మీద ఎకరాకు 16 నుండి 18 కిలోల మినుములు చల్లుట. దున్నకము లేదు, నీరు పెట్టుట లేదు, పైరు తన నత్రజనిని తానే గాలి నుండి తీసికొనును, నేలకును కొంత మిగుల్చును. రైతు చేతిలో నున్న ఈ పద్ధతికి లాం శాస్త్రజ్ఞులు బూడిద తెగులును ఓర్చుకొను ఎల్.బి.జి. 17 వంటి రకములను జోడించిరి. రైతు పద్ధతి, పరిశోధకుని విత్తనము కలిసినచోట ఫలితము త్వరగా వచ్చుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచుట లేదు.

వరి విషయములో

మార్టేరు స్వర్ణ 1982లో, బాపట్ల సాంబ మసూరి 1986లో విడుదలైనవి. వీటిని గూర్చి మీకు చెప్పవలసినది లేదు. మీ గాదెలే చెప్పును. స్వర్ణ తక్కువ నత్రజనితోనే తృప్తిపడును. ఎక్కువ వేసి పడిపోయినపుడు నేరము రకము మీద వేయుట న్యాయము కాదు. సాంబ మసూరి బియ్యము రుచిలో మేటియైనను బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగును. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సి.సి.ఎం.బి. సంస్థయు కలిసి ఆ తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చినవి. చీడను ఓర్చు విత్తనమున్నచో మందు సీసా అవసరమే తగ్గును. నేలకు, నీటికి, పెట్టుబడికి దానికంటె మేలు చేయు పని వేరొకటి లేదు.

అయినను విత్తనమొక్కటే చాలదు. నత్రజని అతిగా పడిన ఏపుచేలో, గాలి చొరని గుబురులో సుడిదోమ కాపురము పెట్టును. నాట్లనాడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలుడు. కూలీలు "నేల వృథా" అందురు. కోతనాడు ఆ తేడా కనబడదు; దోమ వచ్చిన నాడు కనబడును. ఒక్కసారి తడిపి ఆరగట్టుచు నీరు పెట్టుటయు దోమకు గిట్టదు. ఇదే దోమకు పైరిత్రాయిడ్ మందు కొట్టినచో ప్రత్తిలో తెల్లదోమకు జరిగినట్లే జరుగును.

విశ్వవిద్యాలయమును ఎక్కడ పట్టుకొనవలెను?

లాం వరకు పోనక్కరలేదు. జిల్లాలలో ఏరువాక కేంద్రములున్నవి, కృషి విజ్ఞాన కేంద్రములున్నవి. మన దేశములో మొదటి కృషి విజ్ఞాన కేంద్రము 1974లో పుదుచ్చేరిలో తెరచిరి. ఏరువాక పేరు పెట్టినవారి తెలివిని మెచ్చుకొనవలెను. రైతు నాగలికి పసుపు కుంకుమలు పెట్టు పండుగ పేరది. ఆ కేంద్రములలోని శాస్త్రజ్ఞులు మీ చేలకు వచ్చి చూచి చెప్పుట వారి పనిలో భాగము. కొత్త వరి రకము విడుదలకు ముందు చిరుసంచులుగా రైతులకు ఇచ్చి పరీక్షించు పద్ధతి కూడ వీరి ద్వారానే నడచును. ఆ సంచి మీకు ఇచ్చినపుడు ప్రత్యేకముగా మడి కట్టి వేయుడు. గింజ రాలినదా, అన్నము మెత్తబడినదా, పశువు గడ్డి తిన్నదా అని నిజము చెప్పుడు. మొగమాటమునకు "బాగున్నది" అన్నచో ఆ రకము రేపు వేయి ఎకరాలలోనికి వచ్చును.

నిజము చెప్పవలెననిన, రైతుకు మొదటి ఆచార్యుడు ఎరువుల అంగడివాడే. తెగులు ఆకు చేతబట్టుకొని రైతు ముందుగా పోవునది అక్కడికి. అందుచేత హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో అంగడివారికే ఒక సంవత్సరపు డిప్లొమా చదువు మొదలుపెట్టినది. వారమునకొక దినము తరగతి, నడుమ పొలము సందర్శనములు. అమ్మకము పెరుగుటకు, మందు తగ్గుటకు పొత్తు కుదురునా అని కొందరు అనుమానించిరి. అనుమానము అర్థము లేనిది కాదు. అయినను పురుగుకు, తెగులుకు తేడా తెలియని అంగడివానికంటె తెలిసినవాడు మేలు. మీ అంగడివాడు ఆ చదువు చదివినాడో లేదో అడిగి తెలిసికొనుడు.

చివరిగా ఒక పని. ఈ యేడు మీ చేలో పది సెంట్లు వేరు చేయుడు. దానిని రెండుగా గట్టు వేయుడు. రెండింట ఒకే రకము, ఒకే దినమున వేయుడు. ఒక సగములో ప్రతి యేటివలె ఎరువు, మందు వాడుడు. రెండవ సగములో భూసార పరీక్ష చెప్పినంతయే ఎరువు, పురుగు లెక్క తేల్చిన పిమ్మటనే మందు. ప్రతి సంచి, ప్రతి సీసా, ప్రతి కూలి ఒక పుస్తకములో వ్రాయుడు. కోసిన తరువాత రెండింటిని వేరువేరుగా నూర్చి తూకము వేయుడు. అప్పటికి విద్యార్థి మీ ఊరిలో లేకపోయినచో, రెండు తూకములను, రెండు ఖర్చులను ఒక కాగితము మీద వ్రాసి మీ జిల్లా ఏరువాక కేంద్రమునకు పంపుడు. తూకము తగ్గినను సరే, తగ్గినంతయు వ్రాయుడు.